ఊ అన్నాకే తర్వాతి మాట

దగ్గరికి జరగండమ్మా. ఆ గుమ్మంలో నిలబడితే నా మాట సగం వీధిలోకే పోతుంది. చాప వేశాను, కూర్చోండి. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి, ఇప్పుడే కాసిని మిరియాలు దంచి వేశాను. ఘాటు ముక్కుకి తగిలిందా? ఆ ఘాటు తగిలిందంటే చాలు, నాకు మా మేడ మీది గది కళ్ళ ముందు నిలుస్తుంది. ఆ గదిలో కిటికీ పక్కన, మెడకు నూలు కండువా చుట్టుకుని, కంప్యూటర్ మీటలు టకటకలాడిస్తూ కూర్చునే విజయ మేడం గుర్తొస్తారు. గొంతు కోసమని ఆవిడకు పొద్దునా సాయంత్రం మిరియాల పాలు కాచి ఇచ్చేదాన్ని. ఆవిడెవరో మీకు తెలియదు. తెలియజెప్పాలనే కాగితం ముందేసుకున్నాను. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. రాతలో తప్పులుంటే మా అమ్మాయి దిద్దుతుంది. జ్ఞాపకంలో మాత్రం ఎవరూ దిద్దాల్సింది లేదు.

నాది దివిసీమలో నాగాయలంక పక్కన పల్లె. పెళ్ళయి గుడివాడ వచ్చాను, ఇక్కడే ఉండిపోయాను. విజయ మేడం మా మేడ మీది పోర్షన్లో అద్దెకు దిగేనాటికే ఏళ్ళ తరబడి ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పొద్దున్నే గుడ్లవల్లేరు వైపు బస్సెక్కి వెళ్ళేవారు, పొద్దు వాలేసరికి చేతుల నిండా సుద్దపొడితో దిగేవారు. కంచు గొంతు ఆవిడది. మేడ మీద ఫోన్లో ఎవరికో లెక్క విడమరిచి చెబుతుంటే కింద కూర తరుగుతున్న నాకు కూడా అర్థమవుతున్నట్టే ఉండేది. ఆ గొంతులోనే కంతి లేచింది. బందరులో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగానే అయింది, ప్రాణానికి ఢోకా లేదన్నారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. చెవి దగ్గర పెడితే వినిపించే ఊపిరి మాట ఒక్కటే మిగిలింది.

ఆ సంగతి ఆవిడకు పూర్తిగా తెలిసివచ్చింది ఆసుపత్రిలో కాదు, బస్సులో. చూపించుకుని బందరు నుంచి తిరిగి వస్తున్నాం. తోడుగా నేను వెళ్ళాను. పెడన దాటాక కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. ఆవిడ నోరు తెరిచారు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. "గట్టిగా చెప్పండి మేడం, గాలికి టిక్కెట్టు కొట్టమంటారా?" అన్నాడతను. పాపం, అతనికేం తెలుసు! వెనక సీట్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. "గుడివాడ రెండయ్యా, కొట్టు" అని నేనే అరిచాను. ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయారు. గుడ్లవల్లేరులో పిల్లలు సంచులు తగిలించుకుని బిలబిలమంటూ ఎక్కినప్పుడు నా చెవి దగ్గరికి వంగి, "పిన్నిగారూ, ఇక నాకు క్లాసు లేదు" అన్నారు. చెయ్యి పట్టుకున్నాను.

కాలేజీ మానేశాక ఆవిడ పగలంతా కంప్యూటర్ ముందే కూర్చోవడం మొదలుపెట్టారు. కొత్త ఉద్యోగమేమో అనుకున్నాం. మా ఆయన కూపీ లాగమని నన్ను పైకి తోశాడు. పాలగ్లాసు పట్టుకెళ్ళి అడిగాను. ఆవిడ ఊపిరి మాటలతో, ఆగి ఆగి చెప్పారు. "ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రతిసారీ అన్నీ మొదటినుంచి రాసుకోరు పిన్నిగారూ. అందరికీ పనికొచ్చే పనిముట్లు ఒకచోట పెట్టుకుంటారు. దాన్ని లైబ్రరీ అంటారు. నేను రాస్తున్న లైబ్రరీకి సొంతదారు అంటూ లేడు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా కొత్తది చేర్చొచ్చు. కాకపోతే చేర్చేముందు మిగతావాళ్ళు చూసి సరే అనాలి."

"జీతం?" అన్నాను.

"లేదు" అని నవ్వారు.

కిందికొచ్చి చెబితే మా ఆయన నోరెళ్ళబెట్టాడు. నాకు మాత్రం వింత అనిపించలేదు. నేను చెప్పే కథలకు మాత్రం సొంతదారెవరు? మా అమ్మమ్మ చెప్పింది, అమ్మ ఓ ముక్క కలిపింది, నేనో ముక్క మార్చాను. విన్నవాళ్ళు బాగుందంటే నిలిచింది, లేదంటే రాలిపోయింది. దానికి జీతం ఎవరిస్తారు?

ఆవిడ చేర్చాలనుకున్నవి ఇటరేటర్ల పనిముట్లట. ఆ మాట నాకు నోరు తిరగడానికే కొన్నాళ్ళు పట్టింది. "అంటే ఏంటండీ?" అని అడిగితే, పెద్ద కుప్పను ఒక్కసారిగా కుమ్మరించకుండా, అడిగినప్పుడల్లా తర్వాతిది ఒక్కటే తీసి ఇచ్చే ఏర్పాటు అన్నారు. నాకు బుర్రకెక్కలేదు. ఆ సాయంత్రం వాకిట్లో మా మనవరాలు లాస్యకు అన్నం పెడుతూ కథ చెబుతున్నాను. మా ఇంటి పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, మీ ఇళ్ళలోనూ అంతేగా. నేనో మాట చెప్పాలి, పిల్ల "ఊ" అనాలి. ఊ అంటేనే తర్వాతి మాట. మెట్ల మీద కూర్చుని వింటున్న మేడం చప్పట్లు కొట్టి నన్ను ఆపి, దగ్గరికొచ్చారు. "ఇదే పిన్నిగారూ! ఇటరేటర్ అంటే ఇదే. కథంతా మీరు ముందే పేర్చి పెట్టుకోలేదు. ఆ పిల్ల ఊ అంటే ఒక ముక్క తయారవుతోంది" అన్నారు. నేను చేసే పనికి ఓ పేరుందని అప్పుడే తెలిసింది. పెద్ద చదువులు చదివిన మనిషి నా కథ చెప్పడాన్ని పిల్లల్ని మరిపించే కబుర్లలా కాక ఒక విద్యలా చూడటం నాకు కొత్త. ఆ వేళనుంచి నా వెన్ను కాస్త నిటారుగా నిలిచిందని చెబితే మీరు నవ్వకండి.

ఆవిడ రాసినవి మూడు పనిముట్లు. ఒకటి వరుసను చిన్న చిన్న కట్టలుగా కట్టి ఇస్తుంది. ఇంకొకటి రెండు వరుసల్ని జతజతగా నడిపిస్తుంది. మూడోది, అనుకున్న గుర్తు కనిపించేదాకా ఇచ్చుకుంటూ పోయి, కనిపించగానే ఆగుతుంది. వీటితోపాటు, ఎలా వాడాలో నేర్పే పాఠం కూడా రాశారు. ఆ పాఠం మీదే ఆవిడ ప్రాణమంతా. "ఇది లోపలికి వెళ్ళిందంటే, తెరిచిన ప్రతివాళ్ళూ నా క్లాసులో కూర్చున్నట్టే. వెళ్ళకపోతే నేనిక టీచర్ని కాదు పిన్నిగారూ, గొంతు పోయిన మనిషిని, అంతే" అన్నారు. పాలగ్లాసు ఆవిడ చేతికి అందించాను.

మూడూ ఒకే మూటగా పంపారు. ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒకతను వాటిని పరిశీలించి జవాబు రాశాడు. మొదటి రెండూ బాగున్నాయన్నాడట. మూడోదానితోనే పేచీ. అది ఏ వస్తువు దగ్గర ఆగుతుందో ఆ వస్తువును మింగేస్తోందట. తర్వాత ఎవరైనా వచ్చి అక్కడినుంచి మిగతావి ఇమ్మంటే, ఆ ఒక్కటీ కనపడదు. అది సరిచేసేదాకా మూట మొత్తం గుమ్మం బయటే. మేడంకి ఒళ్ళు మండింది. "ఆగాక మళ్ళీ అక్కడినుంచి ఎవరడుగుతారు? ఎవరూ అడగరు. ఊరికే సతాయిస్తున్నాడు" అన్నారు. ఆవిడ ఓ జవాబు రాయడం, అతనో జవాబు రాయడం, అలా సాగింది. పైనుంచి మీటల చప్పుడు వడగళ్ళు పడ్డట్టు వినిపించేది.

"జీతం ఇవ్వనివాళ్ళు తప్పులు కూడా పడతారటే!" అని మా ఆయన ఆశ్చర్యపోయాడు.

చివరికి ఒకరోజు పాలు పట్టుకెళ్తే ఆవిడ కంప్యూటర్ మూసేసి కూర్చున్నారు. "మూట వెనక్కి తీసేసుకుంటాను పిన్నిగారూ. గొంతు ఉన్నప్పుడు నాతో ఇంతసేపు ఎవరూ వాదించలేదు" అన్నారు. వద్దని చెప్పడానికి నాకేం తెలుసు? తాగండి, చల్లారిపోతాయి అని మాత్రం అన్నాను.

అవి వేసవి సెలవులు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. పైన రేకుల వేడికి తాళలేక మేడం కిందికి వచ్చి మా నడవలో కూర్చున్నారు. నేను విసనకర్రతో విసురుతూ లాస్యకు గాజుల అవ్వ కథ చెబుతున్నాను. అవ్వ గంపలో ఒకే ఒక్క ఆకుపచ్చ గాజు మిగులుతుంది. అది సరిగ్గా పట్టే చేతికే వేస్తానని ఇల్లిల్లూ తిరుగుతుంది. ఒక తలుపు తడుతుంది, చెయ్యి చూస్తుంది, కాదంటుంది, తర్వాతి తలుపు. పిల్ల ఊ, ఊ అంటోంది. ఆఖరి ఇంటి తలుపు కిర్రుమంది. తలుపు తీసిన మనిషి ఎవరో, గాజు ఎలా పట్టిందో రసపట్టులో చెప్పేసి చూద్దును కదా, పిల్ల ఎప్పుడో నిద్రపోయింది.

మర్నాడు అదే చోట, అదే వేడిలో, కరెంటు లేకుండానే మళ్ళీ కూర్చున్నాం.

"అమ్మమ్మా, నిన్నటి కథ."

"ఎక్కడున్నాం? ఆఁ, అవ్వ ఖాళీ గంప బోర్లించి, హమ్మయ్య అని ఆ ఇంటి అరుగు మీద కూర్చుని..."

"ఆగాగు. తలుపు తీసింది ఎవరు?"

"నిన్న చెప్పాను కదే!"

"ఎప్పుడు చెప్పావ్? కిర్రుమందన్నావ్, అంతే."

"నువ్వు నిద్రపోయావ్ మరి."

"నేను ఊ అనలేదుగా! ఊ అనకుండా ఎందుకు చెప్పావ్? నా ముక్క ఎవరికి చెప్పావ్, ఫ్యానుకా?"

"ఫ్యాను కూడా తిరగట్లేదే, అదీ విని ఉండదు" అన్నాడు మా ఆయన పేపరు చాటునుంచి.

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వులాటకు కాదు, నిజంగానే దాని వస్తువేదో నేను పోగొట్టినట్టు చూసింది. మేడం ముందుకు జరిగి, దాని చెవి దగ్గర అడిగారు. "నీకు ఎక్కడినుంచి కావాలమ్మా?"

"నేను ఆగిన దగ్గర్నుంచి. అమ్మమ్మ ఆగిన దగ్గర్నుంచి కాదు."

ఆవిడ నా వైపు తిరిగి, "ఎవరడుగుతారు అని ఇన్నాళ్ళూ వాదించాను పిన్నిగారూ. ఇదిగో, అడిగింది" అన్నారు. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. నేను కథను మళ్ళీ తలుపు కిర్రుమన్న దగ్గరికి తీసుకెళ్ళి, ఆ ముక్క పిల్లకు అప్పజెప్పి, దాని ఊ విని ముందుకు కదిలేదాకా కూర్చునే ఉన్నారు. తర్వాతే మెట్లెక్కారు.

ఆ సాయంత్రమే ఆ దూరదేశపు మనిషికి, మీరన్నదే సరి, నేనే వినిపించుకోలేదు అని రాశారట. పనిముట్టును తిరగరాశారు. ఆగిన చోటి వస్తువును మింగకుండా పక్కన దాచి ఉంచుతుంది. తర్వాత ఎవరడిగినా మొదట దాన్నే చేతిలో పెడుతుంది. "ఎలా చెయ్యాలో నాకు ముందే తెలుసు పిన్నిగారూ. చెయ్యాలని తెలియలేదు" అన్నారు. పాఠం కూడా మార్చారు. అందులో ఉదాహరణగా ఒక అవ్వ, ఒక గాజు, వరుసగా తలుపులు వచ్చి చేరాయి.

సరే అన్న కబురు వచ్చిన రోజు నేను డాబా మీద వడియాలు పెడుతున్నాను. ఆవిడ గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. అరవాలని ఉంది, గొంతు లేదు. నా పక్కనున్న స్టీలు పళ్ళెం అందుకుని గరిటెతో దబదబా బాదారు. ఎదురింటావిడ కర్ర పట్టుకుని బయటికొచ్చి, "ఏవండీ, కోతులొచ్చాయా?" అని కేకేసింది. నవ్వీ నవ్వీ నా చేతిలోని పిండి సగం చీర మీదే పడింది. "ఇప్పుడైనా జీతం ఇస్తారా అమ్మా?" అని మా ఆయన అడిగితే, "లేదండీ, కొత్తగా వచ్చేవాళ్ళ తప్పులు చూసే పని నాకూ ఇచ్చారు" అన్నారు.

తర్వాత ఆవిడ బందరులో అక్కగారి దగ్గరికి మారిపోయారు. మారేముందు జరిగిందొకటి చెప్పి ఆపేస్తాను. పక్కింటి సుహాసిని ఇంజినీరింగ్ చదువుతోంది. ఒక సాయంత్రం మా అరుగు మీద కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని జుట్టు పీక్కుంటోంది. ఉన్నట్టుండి, "అబ్బ, ఇదెవరు రాశారో గానీ పిన్నీ, పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది. గాజులట, తలుపులట!" అంది. నేను నోరు తెరిచాను. మేడం చటుక్కున నా చెయ్యి నొక్కి ఆపారు. రాసింది తనేనని చెప్పలేదు. ఆ పిల్ల పక్కన కూర్చుని, ఊపిరి మాటతో, "ఎక్కడిదాకా అర్థమైంది?" అని అడిగారు. ఆ పిల్ల వేలు పెట్టి చూపించిన చోటునుంచి పాఠం అందుకున్నారు. వినడానికి సుహాసిని తల వంచి దగ్గరికి జరిగింది. మీటల టకటక లేదు, పెద్ద గొంతు లేదు. అయినా అది క్లాసే. చూస్తున్న నాకు తెలుసు.

నాకు ఆవిడ వల్ల మిగిలింది ఇదే. అంతకుముందు నేను గొప్పగా చెప్పేదాన్ని గానీ, ఎదుటి మనిషి ఎక్కడ ఆగిపోయాడో చూసేదాన్ని కాదు. ఇప్పుడు మా అమ్మాయి కోపంతో ఫోన్ పెట్టేసినా, మా ఆయన మాట మధ్యలో అలిగినా, నేను ఆపిన చోటునుంచి మొదలుపెట్టను; వాళ్ళు ఆగిన చోటికి వెనక్కి వెళ్తాను. అక్కడ నిలబడి ఎదురుచూస్తాను. చాలాసార్లు మాట అతుక్కుంటుంది.

చల్లగా ఉండండమ్మా. మీ ఇంట పిల్లాపాపా నవ్వుతూ తిరగాలి. చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు కరువు కాకూడదు, వినేవాళ్ళ వంతు ముక్క ఒక్కటి కూడా పోకూడదు. మీలో ఎవరికైనా గొంతు పెగలని రోజొస్తే, చెవి ఒగ్గి దగ్గరికి జరిగే మనిషి ఒకరు మీ గడపలోనే ఉండాలి.