శవమంటే తప్పిపోయిన మాట

ఆ ఇంటి కోడలు కూర్చుని పనిచేయగా చూసినవాళ్లు లేరు. ఒక వాక్యం కిటికీ దగ్గర, ఇంకోటి గుమ్మంలో, మూడోది పొయ్యి ముందు. ఇలా ఇల్లంతా కలియదిరుగుతూ జర్మన్ పుస్తకాలను ఇంగ్లీషులోకి దించుతుంది. అత్తగారు ఆమెకు కాలుగాలిన పిల్లి అని పేరు పెట్టింది. "నిన్ను ఒక్క గడియ కూర్చోబెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదే అమ్మాయ్!" అని రోజుకోసారైనా అనకపోతే ఆ పెద్దావిడకి తిన్నది అరగదు.

కోడలికి అన్నీ సగం సగమే. టైపు నేర్చుకుంటూ మానేసింది, ట్యూషన్లు మొదలెట్టి మానేసింది. జర్మన్ని మాత్రం వదల్లేదు. దానికి కారణం మొగుడే. ఆయన బైండింగు కార్ఖానాలో కాగితం కోసే పనిలో ఉన్నాడు. అక్కడికొచ్చే మెషీన్లన్నీ జర్మనీవి, వాటితో వచ్చే పుస్తకాలు చదివే నాథుడే లేడు. పనివాళ్లు తలో భాషవాళ్లు, అందరికీ ఉమ్మడిగా తెలిసింది నాలుగు ఇంగ్లీషు ముక్కలే. ఒకరోజు ఆయన ఒక పుస్తకం తెచ్చి చేతిలో పెట్టి, "ఇదేంటో నువ్వే తేల్చాలోయ్" అన్నాడు. అంతే, ఆమె ఆ భాష వెంట పడింది. ఇప్పుడు కార్ఖానాలో ఏ మెషీను మీద ఏ హెచ్చరిక ఉన్నా అది ఆమె రాసిందే.

ఆరోజు ఆమె అచ్చుపని మాటల నిఘంటువు మీద ఉంది. జర్మన్ కంపోజిటర్లు భలే కొంటెవాళ్లు. తలకిందులుగా పడ్డ అక్షరాన్ని ఈగతల అంటారు. ఒకే మాట రెండుసార్లు పడితే పెళ్లి. మాట తప్పిపోతే శవం.

"అత్తయ్యా, విన్నారా? మాట ఎగిరిపోతే శవమట!"

"అప్రాచ్యపు మాటలు! మనవాళ్లు చూడు, మాట తప్పిపోయిన చోట హంసపాదు పెడతారు. ఎంత అందంగా ఉందో!" అంది అత్తగారు బట్టలు మడతపెడుతూ.

కోడలు నవ్వుతూనే నడుస్తోంది. నిఘంటువులో శవానికో ఉదాహరణ కావాలి. ఒక్క మాట జారితే అర్థమే తలకిందులయ్యే వాక్యం ఏదైనా ఉందా? కిందటివారం కొత్త కోత మెషీనుకు రాసిన హెచ్చరిక అట్ట గుర్తొచ్చింది. పసుపు దీపం వెలుగుతుండగా కత్తి కింద చెయ్యి పెట్టకూడదు. అందులోంచి "నాట్" తీసేస్తే సరి! బల్ల మీదున్న నకలు అందుకుంది.

తీయడానికి అక్కడ "నాట్" లేదు.

కోడలు జర్మన్ పుస్తకం లాగి చూసింది. ఆ వాక్యంలో "కూడదు" అనే మాట మన భాషలోలాగే చిట్టచివర కూర్చుంది. చివరిదాకా చదివే ఓపికుంటే కదా! సగంలో పొయ్యి దగ్గరికి వెళ్లినట్టుంది, వచ్చి తర్వాతి వాక్యం అందుకుంది. పసుపు దీపం వెలుగుతుండగా చెయ్యి పెట్టవచ్చు అని రాసిపారేసింది. ఆ అట్ట ఈ పొద్దుటే మెషీనుకు అంటించారు. ఆ మెషీను ముందు నిలబడేది తన మొగుడు.

ఫోన్ చేసింది. మెషీన్ల గదిలోకి ఫోన్లు తీసుకెళ్లరు, ఎవరెత్తుతారు?

"ఎక్కడికే ఆ పరుగు?"

"మీ అబ్బాయి చేతుల కోసం అత్తయ్యా!"

ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అత్తగారి చెప్పు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. డ్రైవరు వెనకే నిలబడి కడ్డీ పట్టుకుని, "కొంచెం తొందరగా పోనివ్వండి బాబూ" అంటూనే ఉంది. ఛీ, నా కాళ్లు విరిగిపోను, ఒక్క వాక్యం కుదురుగా చదవలేకపోయానా అని దారిపొడుగునా తనను తాను తిట్టుకుంది.

కార్ఖానాలో జిగురు వాసన, కాగితాల గుట్టలు. గుట్టల సందుల్లోంచి దూరి వెళ్లేసరికి పసుపు దీపం వెలుగుతోంది. మొగుడు కత్తి కింద చెయ్యి పెట్టి కాగితం ముక్కలు ఊడుస్తున్నాడు.

"తియ్యండి! చెయ్యి తియ్యండి!"

ఉలిక్కిపడి లాక్కున్నాడు. కత్తి కదల్లేదు. అదృష్టం, ఇంకేం కాదు. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని వేళ్లన్నీ తడిమింది.

"ఏమైందోయ్? అమ్మ బాగానే ఉందా?"

ఆమె ఆయన జేబులోంచి పెన్ను లాగి, అట్ట మీద ఆ వాక్యం మధ్యలో హంసపాదు పెట్టింది. పైన "నాట్" అని రాసింది. ఆయన చదివాడు. మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"పొద్దున్నించీ పెడుతూనే ఉన్నాను" అన్నాడు మెల్లగా.

"పాతికేళ్ల అనుభవం కదండీ మీది! అనుమానమైనా రాలేదా?"

"ఎందుకు రాలేదు? వచ్చింది. పాత మెషీను దగ్గర ఏనాడూ అలా పెట్టి ఎరగను. కానీ నువ్వు రాశావు కదా, తెలీకుండా రాస్తావా అనుకున్నా. అందుకే పెట్టా."

ఆమె పక్కనున్న కాగితాల కట్ట మీద కూలబడింది. ఇంటికెళ్లమని ఆయన ఎంత చెప్పినా లేవలేదు. సాయంత్రం మెషీన్లు ఆపేదాకా ఆయన చేతులకేసి చూస్తూ అక్కడే కూర్చుంది.