పార్సిల్ మామయ్య పెన్ను

మనిషి చెయ్యి కనిపిస్తే చాలు, దాని మీద అంకెలు రాయకుండా ఉండలేడు పార్సిల్ మామయ్య. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో పార్సిళ్ళ మీద నంబర్లు వేశాడు. రిటైరయ్యాక పెట్టెలు దొరక్క మనుషుల మీద పడ్డాడు. ఆ మనుషులం మేమే. పిల్లల ఈత పోటీలకు వచ్చి, ఏం జరుగుతోందో తెలియక గ్యాలరీలో బిక్కమొహాలేసుకుని కూర్చునే తల్లిదండ్రులం.

నేను ఆయన చేతికి చిక్కిన రోజు నా మనసు మనసులో లేదు. మా ఆవిడ కడుపులో గడ్డ ఉందని అంతకు ముందు వారమే తేలింది. పాపని పోటీలకు తీసుకెళ్ళే పని అంతవరకూ ఆవిడదే. ఇప్పుడు ఆవిడ ఆసుపత్రి మంచం మీద, నేను గ్యాలరీ మెట్ల మీద. "అది ఎలా ఈదిందో ఒక్క ముక్క వదలకుండా నాకొచ్చి చెప్పాలి" అని మాట తీసుకుని మరీ పంపింది. లిఫ్టులు బాగుచేసుకునే నాకు ఈత గురించి తెలిసిందల్లా నీళ్ళు తడిగా ఉంటాయని.

కాగితంలో పాపకి ఆరో లేను, అంటే నీళ్ళల్లో తాళ్ళు కట్టి విడదీసిన ఆరో వరస, అని ఉంది. నాకు దగ్గరున్న గట్టు నుంచి ఆరు లెక్కపెట్టాను. అందరికీ ఒకే రంగు టోపీ, ఒకే రకం కళ్ళద్దాలు. ఈల మోగగానే లేచి నిలబడి గొంతు చించుకున్నాను. ఆ పిల్ల ఫస్టొచ్చింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్కనున్నావిడ నా వైపు తిరిగి, "థాంక్స్ అన్నయ్యగారూ. మా అమ్మాయి కోసం మా ఆయన కూడా ఎప్పుడూ ఇంతలా అరవలేదు" అంది.

లేన్లు అవతలి గట్టు నుంచి లెక్కట. మా పాప ఎలా ఈదిందో నేను చూడనే లేదు. మా ఆవిడకి ఏం చెప్పాలో తోచక తల పట్టుకున్నాను.

అప్పుడొచ్చాడు మామయ్య, నిండు చేతుల చొక్కాతో, మూత తీసిన నల్ల పెన్నుతో.

"చెయ్యి ఇటు పెట్టు నాయనా. మీ పాపకి ఇంకో పోటీ ఉంది."

"కాగితం ఉందిగా మామయ్యగారూ."

"కాగితం ఉండే వెలగబెట్టావు. పెట్టు." బరబరా మూడు నంబర్లు రాశాడు. "ఇరవై మూడో పోటీ, మూడో హీటు, అంటే అందులో మూడో గుంపు, ఆరో లేను. చెప్పు."

చెప్పాను.

"ఏ గట్టు నుంచి?"

"అవతలి గట్టు."

"ఫరవాలేదు, మనిషివే."

ఆయన బారిన పడని వాళ్ళు లేరు. నలుగురు పిల్లల తండ్రి ఒకాయనకి రెండు చేతులూ చాలక మెడ మీద కూడా రాశాడు. "పెళ్ళికెళ్ళాలండీ" అని ఒకావిడ బతిమాలుకుంటే, "ఏ పెళ్ళమ్మా? ఎన్నో లేను?" అన్నాడు. ఆ సిరా మూడు రోజులైనా వదలదు. ఆసుపత్రిలో నర్సు నా చెయ్యి చూసి, "మీరు కూడా పేషెంటేనా? ఏ వార్డు?" అని అడిగింది. ఆ మాటకి మా ఆవిడ నవ్వింది. ఆ వారం మొత్తంలో అది ఒక్కటే నవ్వు.

"మీ మనవడు ఏ లేనులో ఉన్నాడు మామయ్యగారూ?" అని ఎవరడిగినా, "ముందు నీ పిల్ల సంగతి చూసుకో" అనేవాడు.

ఆపరేషన్ సోమవారం అన్నారు. దానికి ముందు శనివారం పొద్దున, పాప మరో పోటీకి ఇంకా గంట ఉందనగా, గ్యాలరీలో ఉండగానే ఫోనొచ్చింది. ఆవిడకి లోపల రక్తం పోతోంది, ఆపరేషన్ ఇప్పుడే చెయ్యాలి, వచ్చి సంతకం పెట్టండి అని. కింద పాప నా వైపే చూస్తూ చెయ్యి ఊపుతోంది.

"వెళ్ళు" అన్నాడు మామయ్య.

"పాపకి ఇక్కడ ఎవరూ లేరండీ."

ఆయన ఎడమ చేతి చొక్కా గుండీ విప్పి మోచేతి దాకా మడిచాడు. ఆ చేతి నిండా అంకెలే.

"వీళ్ళంతా మీ మనవలా?"

"నాకెవరున్నారు? వీళ్ళంతా ఇవాళ ఎవరూ రాని పిల్లలు. అరిచే మనిషి ఒకడుండాలి కదా" అని, చివరి వరసలో మా పాప అంకెలు రాసుకున్నాడు. దణ్ణం పెట్టడానికి కూడా ఆగకుండా పరిగెత్తాను.

గడ్డ తీశారు. కొంత మిగిలిందని, దాని సంగతి తర్వాత చూద్దామని డాక్టరు నేల చూపులు చూస్తూ చెప్పాడు. సాయంత్రం కోచ్ పాపని వార్డులో దింపి వెళ్ళాడు. అప్పటికి మా ఆవిడ కళ్ళు తెరిచి ఉంది.

"ఎన్నోదానివొచ్చావే?" అంది నీరసంగా.

"ఎనిమిది." పాప గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"ఎంతమందిలో?"

"ఎనిమిది మందిలో."

"గొంతేమయిందే?"

"మామయ్య నా కోసం అరుస్తూ గ్యాలరీ దిగొచ్చేశాడమ్మా. గట్టు మీద నా పక్కనే పరిగెత్తాడు. పోటీలు పెట్టినవాళ్ళు ఆయన్ని బయటికి పంపేశారు. ఆయన అరవాల్సిన పిల్లలు ఇంకా ముగ్గురు మిగిలిపోయారట. వెళ్తూ వెళ్తూ వాళ్ళ నంబర్లు నా చేతి మీద రాసేశాడు. ఇక నేనే అరిచా."

మా ఆవిడ ఆ చెయ్యి దగ్గరకు లాక్కుని చూసింది. "వాళ్ళల్లో ఎవరైనా గెలిచారా?"

"ఏమో. అరిచే హడావిడిలో చూళ్ళేదు."

మా ఆవిడకి నవ్వాగలేదు. కుట్లు తెగుతాయని నర్సు పరిగెత్తుకొచ్చి కోప్పడినా ఆగలేదు.