పాకుడు తినే చేపలు, మా నూతి రాళ్ళు

నేను పుట్టింది బారువ పక్కన చేపల ఊళ్ళో. చేపను కొయ్యడం, ఉప్పు పెట్టడం, ఇసకలో ఎండబెట్టి కాకుల్ని తోలడం, ఇవన్నీ బడిలో వెయ్యక ముందే వచ్చు నాకు. చేపను మేపడం మాత్రం నలభై ఏడో ఏట నేర్చుకున్నాను. అదీ మూడు ప్రాణాలు పోయాక.

పలాసలో మేడ మీద అద్దె వాటా మాది. నేనూ మా ఆయనా ఇద్దరం టీచర్లం. ఆయనది కంచిలి వైపు కొబ్బరితోటల ఊరు. ఒకే బడిలో పనిచేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం కనుక రెండు ఊళ్ళూ కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నాయి, తర్వాత వాటికే విసుగొచ్చి మానేశాయి.

ఆయన నాన్ననూ, అన్ననూ కిడ్నీ జబ్బు తీసుకుపోయింది. ఉద్దానంలో ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు గానీ మా ఆయన తేల్చేసుకున్నారు, అంతా నూతి నీళ్ళ వల్లేనని. అప్పట్నుంచి మా ఇంట్లో క్యాను నీళ్ళు తప్ప ఇంకో చుక్క ఎవరి నోట్లోకీ పోకూడదు. తాగడానికి సరే, బియ్యం కడగడానికీ అవే, ఆఖరికి తులసి మొక్కకూ అవే. నేను గొణుగుతాను, ఆయన వినరు. ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష చేయించుకుంటారు. దానికి ముందు వారమంతా ఇంట్లో గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడతారు.

చేపల తొట్టె ఆలోచన ఆ పరీక్షల దగ్గరే పుట్టింది. ఆసుపత్రి వరండాలో ఒక గాజు తొట్టె ఉందిట. దాని ముందు కూర్చుంటే తన పేరు పిలిచింది కూడా వినపడలేదని ఇంటికొచ్చి చెప్పారు. ఇరవై ఏళ్ళలో ఆ వరండా గురించి ఆయన నవ్వుతూ చెప్పిన మాట అదొక్కటే. ఆ వారమే కాశీబుగ్గ వెళ్ళి తొట్టె కొనేశాం.

కొట్టువాడు ఆరు చిన్న చేపల్ని కవరులో పోసిచ్చాడు. చిటికెన వేలిలో సగం ఉంటాయి. ఒంటి పొడుగునా నల్లగీత, నోరేమో కింది వైపు. గాజుకు నోరు అతికించుకుని మెల్లగా పైకి పాకుతాయి.

"ఇవి పాకుడు తినీ సేపలు మేడమ్. అద్దాలు అవే నాకేసి శుబ్రం సేసేస్తాయి. మీరేటీ ఎట్టక్కర్నేదు" అన్నాడు.

ఏమీ పెట్టక్కర్లేదన్న మాట మాకు భలే నచ్చింది. మా ఆయన మూడు క్యాన్ల నీళ్ళు తెప్పించి తొట్టె నింపారు. "మనం తాగని నీళ్ళు వాటికెందుకు పొయ్యాలి?" అన్నారు. ఆ మాటకు నాకు ముద్దొచ్చింది కూడా. ఇక నా వాటా సంగతి. చిన్నప్పుడు నూతి గట్టు మీద పాకుడుకు జారి ముందు పన్ను విరగ్గొట్టుకున్నాను. అప్పట్నుంచి పాకుడు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. తొట్టె గాజు మీద కాస్త పచ్చదనం రాగానే పాత టూత్‌బ్రష్‌తో రోజూ ఉదయాన్నే తోమేసేదాన్ని. మా తొట్టెంత శుభ్రమైన తొట్టె పలాసలో ఇంకోటి లేదు.

పదో రోజున ఒకటి పోయింది. రెండు రోజులకు ఇంకోటి. మాత్రల్లాంటి తిండి తెచ్చి వేశాం, ముట్టలేదు. ఆనపకాయ ముక్క ఉడకబెట్టి గులకరాయి కట్టి దించాను. దాన్ని వాసన చూసి వెళ్ళిపోయాయి. సాయంత్రానికి ముక్క మెత్తబడి నీళ్ళు మబ్బేశాయి. నాకు ఒళ్ళు మండింది. ఇంత చాకిరీ చేస్తుంటే బతకడానికి వీటికేం రోగం అని పైకే అన్నాను. ఆయన మాత్రం బడి నుంచి రాగానే తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. అది ఆసుపత్రిలో ఎదురుచూసేవాళ్ళు కూర్చునే తీరు. అది చూస్తే నాకు భయం వేసింది. చేపల కోసం కాదు, ఆయన కోసం.

ఆ శుక్రవారం బడికి సెలవు. తీరిగ్గా తొట్టె తోముతుంటే మా అమ్మ వచ్చింది. నెలకోసారి ఎండుచేపల గంప ఎత్తుకుని పలాస వస్తుంది, అమ్మకం అయ్యాక మా ఇంట్లో భోంచేసి రైలెక్కుతుంది. గంప గుమ్మంలో దించి, తొట్టె ముందు గొంతుక్కూచుని చాలాసేపు చూసింది.

"ఓలమ్మ, వీటి కడుపులు సూసినావేటే? లోపలికెలిపోనాయి. ఇవి రోగంతో సావడం నేదు, ఆకలితో సత్తన్నాయి."

"అన్నీ పెడుతున్నాం అమ్మా, తినట్లేదు."

"ఏటెట్టినావు? అవి తినీది పాకుడు. ఏరు సంద్రంలో కలిసీ మొగలో రాళ్ళ మీద సిన్న సేపలు మూగుతాయి, నువ్వు సూడనేదేటి? నువ్వేమో అద్దం తోమేత్తన్నావు, బాబేమో మందునీళ్ళలాటి నీళ్ళు పోసినాడు. ఇంక పాకుడెక్కడ పడతాది?"

నా చేతిలో టూత్‌బ్రష్ ఇంకా అలాగే ఉంది. ఆయన నీళ్ళు కడిగారు, నేను గాజు కడిగాను. మా ఇద్దరి శుభ్రానికీ మధ్య ఆ ప్రాణాలు పస్తులున్నాయి. ఎంత సిగ్గు వేసిందో చెప్పలేను. చేపల ఇంటి ఆడపిల్లని, చేప ఏం తింటుందో అమ్మ వచ్చి చెప్పాల్సి వచ్చింది.

"నూతి నీళ్ళలో రాళ్ళేసి ఎండలో ఎట్టండి. పచ్చగా పట్టినాక తొట్లో ఎయ్యండి" అంది అమ్మ.

"నూతి నీళ్ళేటి అత్తా!" అన్నారు మా ఆయన.

"నువ్వు తాగొద్దులే బాబూ. సేపలకి."

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. రైలు వేళయిందని అమ్మ లేచింది. మర్నాడు మూడో చేప పోయింది.

ఆదివారం కొబ్బరికాయలు దింపిస్తున్నారని ఆయన ఊరు వెళ్ళారు. సాయంత్రం మెట్ల మీద బరువుగా అడుగుల చప్పుడు వినిపిస్తే, కాయలు తెచ్చారనుకుని తలుపు తీశాను. చేతిలో అరటాకు కట్టిన బాల్చీ. ఆకు విప్పితే లోపల సగానికి నీళ్ళు, ఆ నీళ్ళలో నాలుగైదు నల్లరాళ్ళు. వాటి మీద పాకుడు వేలుమందం పట్టి ఉంది.

"మన నూతి గట్టువి. ఎవులూ వాడటం నేదు కదా, బాగా పట్టేసినాది" అన్నారు. ఇంట్లో ఆయన మాట అంతగా ఊరి యాసలోకి వెళ్ళడం చాలా అరుదు.

తొట్టెలోంచి చెంబుడు నీళ్ళు తీసి, చెంబుడు నూతి నీళ్ళు పోశాను. ఒక్కసారిగా మారిస్తే తట్టుకోలేవేమోనని గంటకొక చెంబు చొప్పున పోశాను. రాళ్ళు ఆయనే దించారు. దించాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నారు. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

తెల్లారి లేచేసరికి మిగిలిన మూడు చేపలూ ఒకే రాయికి అతుక్కుని ఉన్నాయి. అవి పాకినచోటల్లా పాకుడు మీద సన్నగా దారులు పడ్డాయి. ఆయన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు.

"ఈ రాళ్ళున్న గట్టు మీదే మా అన్న నిలబడి నూతిలోకి దూకీవోడు. నాన్న కర్రట్టుకొస్తే పైకి రాకుండా నీట్లోనే ఉండి నవ్వీవోడు" అన్నారు.

నేను చేతిలో పని ఆపేశాను. మా పెళ్ళై ఇరవై ఏళ్ళు. అన్న అనగానే ఆసుపత్రి, మందులు, విశాఖ ప్రయాణాలు, అంతే చెప్పేవారు. ఆ మనిషి దూకాడనీ, నవ్వాడనీ నాకు తెలీదు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా కబుర్లు బయటికొచ్చాయి. అన్న పచ్చి జీడిపిక్క కొరికి మూతి బొబ్బలెక్కించుకోవడం, ఆ మూతితోనే పెళ్ళిచూపులకు వెళ్ళడం, పిల్ల తరపువాళ్ళు పారిపోవడం. ఇద్దరం కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

ఇప్పుడు మేడ మీద ఎండలో రెండు బాల్చీలు ఉంటాయి. ఒక దాంట్లో రాళ్ళు పచ్చబడుతుంటే ఇంకో దాంట్లోవి తొట్టెలో ఉంటాయి. చేపలకు ఇప్పుడు ఆనపకాయ కూడా అలవాటైంది, వారానికి రెండు ముక్కలు. తినగా మిగిలింది పూట దాటకుండా తీసేస్తాను. గాజు ముందు వైపు మాత్రమే తుడుస్తాను, మిగతా మూడు వైపులూ వాటికి వదిలేశాను. చెయ్యి దురద పెడుతుంది, ఓర్చుకుంటాను. కొత్తగా మరో మూడింటిని తెచ్చాం, అవీ నిలదొక్కుకున్నాయి. ఊరు వెళ్ళినప్పుడల్లా ఆయన ఒక క్యానునిండా నూతి నీళ్ళు తెస్తారు. మేం పొరపాటున తాగకుండా దాని మూతకు నా ఎర్ర గోళ్ళరంగు పూశారు. తాగేవి ఇప్పటికీ కొన్న నీళ్ళే, ఆ విషయంలో ఆయన అంగుళం కదల్లేదు. నేనూ ఇప్పుడు గొణగడం లేదు.

మొన్న పరీక్ష రిపోర్టు తెచ్చుకున్నారు. పాత రోజుల్లో అయితే మెట్ల మీదే కవరు చింపేవారు. ఈసారి దాన్ని బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా తొట్టె ముందు వంగి, ఒక్కొక్క చేప కడుపూ చూశారు.

"నిండుగా ఉన్నాయి" అన్నారు. తర్వాత కవరు నా చేతికిచ్చి, "నువ్వు సూసి సెప్పు" అన్నారు.

చూశాను. అదీ బాగానే ఉంది.