కుండీలకు తోడు పెట్టిన సంగతి

నాకు సంతకం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే, ప్రేమ్ బజార్‌లో మా ఇంటి వెనక గదిలో అద్దెకుండే తెలంగాణ పిల్ల రాస్తోంది. ఇందులో ఏడ్చేది కూడా తనే. ఆ ముక్క ఎక్కడ ఎగ్గొడుతుందోనని, రాసింది రాసినట్టు చదివించుకుంటున్నాను.

పక్కనున్న కాలేజీ క్యాంపస్‌లో ఈ పిల్లది మొక్కల చదువు. అక్కడి షెడ్డులో రెండు వరసల కుండీలు పెట్టి, సీసం కలిపిన మట్టిలో కానుగ మొలకలు పెంచుతుంది. సీసం నాకు కొత్త కాదు. మా ఆయన బతికున్నన్నాళ్లూ రైల్వే వర్క్‌షాపులో సీసం అతుకులు వేసేవాడు. ఇంటికొచ్చి చేతులు సబ్బుతో రుద్దుకుంటే గాని అన్నం గిన్నె తాకనిచ్చేదాన్ని కాదు.

"ఏటి పాపా, సంటి మొక్కలకి ఇసం పెడతన్నావా? నీకు సేతులెలా వచ్చినాయే?"

"అందుకే బూజు గూడ పెడుతున్న పెద్దమ్మా. వేర్లకు పట్టే మంచి బూజు. సీసాన్ని వేరు కాడనే పట్టుకుంటది, ఆకుల్లోకి ఎక్కువ పోనియ్యదు."

"అయితే గేటుకాడ టీసీ అన్నమాట."

"గంతే. కానీ అన్నిసార్లూ ఆపుతదో లేదో తెల్వదు. గదే జూస్తున్న."

"మా టీసీలూ అంతేనే!"

మట్టినంతా ముందు ఇడ్లీల్లా ఆవిరికి ఉడికించి, అందులో ఉన్న బూజుల్ని చంపేసింది. తర్వాత ఒక వరసకు మాత్రం మంచి బూజున్న మట్టి తలో చెంచా కలిపింది. తేడా చూడాలని రెండో వరసకు కలపలేదు. "పాలకు తోడేసినట్టే పెద్దమ్మా" అంది. ఆ మాట తన నోటితోనే అంది. రాయవే, రాయి.

ఇంతలో పిల్లకు ఒళ్లంతా అమ్మవారు పోసింది. వాళ్ల నాన్న వచ్చి ఊరికి తీసుకెళ్లాడు. వెళ్తూ వెళ్తూ షెడ్డు తాళం నాకిచ్చి, "నీళ్లు తప్ప ఇంకేం పొయ్యకు" అని ఒట్టు వేయించుకుంది.

నేను ఇంకేమీ పోయలేదు. వేశాను, అంతే.

ఏం చేయమంటారు? ఒక వరస పచ్చగా ఎదుగుతుంటే, పక్క వరస పసుపు ఆకులేసుకుని దిక్కులు చూస్తోంది. ఒకే పంక్తిలో కూర్చోబెట్టి సగం మందికే వడ్డించినట్టుంది. ఇంటి నుంచి పాత చెంచా ఒకటి తెచ్చుకుని, పచ్చటి కుండీల్లో వేరు పక్క మట్టి తవ్వి, పసుపు మొక్కలకు తోడు పెట్టాను. వేసినదానికే మళ్లీ వేయకుండా, నడుముకున్న సున్నం డబ్బీ తీసి కుండీ అడుగున వేలితో ఒక బొట్టు పెట్టాను. పన్నెండింటిలో ఏడు అయ్యేసరికి మోకాళ్లు మొరాయించాయి. గోడవైపు ఐదూ అలాగే ఉండిపోయాయి.

రెండు నెలలకు పిల్ల వచ్చింది. షెడ్డుకు వెళ్లి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"బూజు పెట్టని మొక్కలు గూడ పచ్చబడ్డయ్ పెద్దమ్మా. కొన్ని పచ్చగ, కొన్ని పసుప్పచ్చగ. ఇగ నా లెక్క యాడ నిలబడ్తది? ఏడాది పని మట్టిల కలిసింది."

నేను చేపల పులుసు గరిటెతో తిప్పుతూ, "ఎలకలు తిరిగి మట్టి కలిపేసుంటాయే" అన్నాను. ఎలకలకు తెలుగు వస్తే నన్ను తిట్టేవి.

పిల్ల అన్నం తినలేదు. తెల్లారి చూస్తే గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని బయలుదేరుతోంది. "మొత్తం పారేస్త. సార్‌కు చెప్పి మళ్ల మొదటి నుంచి పెడ్త" అంటూ వెక్కింది. సంచి కొస పట్టుకుని ఆపాను.

"ఆగవే. ఎలకలు కాదు, నానే. తోడెట్టినాను."

"ఏందీ?"

"నువ్వే కదేటి పాలకు తోడన్నావు!"

తిట్టింది. వాళ్ల భాషలో ఎన్ని తిట్లున్నాయో ఆ పొద్దున తెలిసింది. అయ్యాక ముక్కు తుడుచుకుని అడిగింది: "ఏ కుండీలల్ల?"

"అడుగున సున్నం బొట్టున్నవి."

గోనెసంచి అక్కడే పడేసి పరుగెత్తింది. బొట్టున్న ఏడూ పచ్చబడ్డాయి, లేని ఐదూ అలాగే పసుపుగా ఉన్నాయి. ఏదీ తారుమారు కాలేదు. సార్ మొదట అరగంట అక్షింతలు వేసి, తర్వాత ఆ ఏడింటినీ విడిగా మూడో వరస చేయమన్నారట. ఆలస్యంగా బూజు అందిన వరస అని పుస్తకంలో రాసుకుంది.

ఇప్పటికీ షెడ్డుకు నీళ్లకెళ్తాను. గుమ్మం దగ్గర నా కొంగు దులిపి చూస్తుంది, చెంచా ఉందేమోనని. సున్నం డబ్బీని మాత్రం ఉండనిస్తుంది.