తెర వెనక మైకమ్మ

ఊళ్లో అమ్మమ్మ మొహం ఎవరికీ తెలియదు, గొంతు మాత్రం అందరికీ తెలుసు. నాలుగంతస్తుల దుకాణంలో "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని పొద్దస్తమానం మైకులో చెప్పేది ఆవిడే. అలా మైకమ్మ అయిపోయింది. ఇంట్లోనూ అదే ధోరణి: "దయచేసి గమనించండి, తడి తువ్వాలు మంచం మీద వదిలినవారు వెంటనే వచ్చి తీసుకోగలరు." తాతయ్య పరుగెత్తుకొచ్చేవాడు.

అలాంటి మనిషిని కాలేజీ పిల్లలు తాము వేసే సినిమాకి గొంతివ్వమని పట్టుకున్నారు. అక్కర్లేని సరుకు మనచేత ఎలా కొనిపిస్తారో, దాన్ని తయారుచేసేవాళ్లు ఎక్కడో దేశాల్లో ఎలా నలిగిపోతారో చూపించే డాక్యుమెంటరీ అది. పరాయి భాషది కాబట్టి, తెర వెనక కూర్చుని తెలుగులో చదవాలి. నోరు ఊరుకోక "సరే" అనేసింది.

తీరా తెర సందులోంచి చూస్తే ముందు వరసలో దుకాణం మేనేజరు! కూతురు ఆ కాలేజీలోనే చదువుతోందట. ఆయన గుర్తుపడితే రేపటినుంచి కొలువు ఉండదు. ఇల్లు గడిచేదే ఆ గొంతు మీద.

"లేచి వచ్చెయ్యవే," పక్కనే కూర్చున్న తాతయ్య గుసగుసలాడాడు.

"సినిమా మూగదైపోదూ? మీరు మాట్లాడకుండా కాగితాలు అందించండి."

గొంతు బొంగురు చేసుకుని మొదలెట్టింది. కప్పకు జలుబు చేసినట్టుంది. మేనేజరు ఆవలించాడు. హమ్మయ్య అనుకుంది.

ఇంతలో తెరమీద బట్టల ఫ్యాక్టరీ. ఒకమ్మాయి కుట్టుమిషను మీదే తల వాల్చేసింది. పైనుంచి మైకులో ఒక ఆడగొంతు, తియ్యగా, మర్యాదగా, లేవమంటోంది. ఆ మాటలూ అమ్మమ్మే చదవాలి.

"దయచేసి గమనించండి..." అంది. ఆ మాటతో బొంగురు జారిపోయింది. అచ్చం దుకాణం గొంతే! "పని ఆపినవారు వెంటనే లేవగలరు."

మేనేజరు ఆవలింత సగంలో ఆగిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, "ఒరే, మన మైకమ్మరా!"

తాతయ్య చెయ్యి పట్టి లాగాడు. అమ్మమ్మ కదల్లేదు. ఆవిడ చూపంతా తెరమీది పిల్ల మీదే ఉంది. మళ్లీ బొంగురు పెట్టలేదు. "ఆ అమ్మాయి లేవలేదు," అని చదివింది, తన గొంతుతోనే. చివరిదాకా అలాగే చదివింది.

లైట్లు వెలిగాక మేనేజరు తెర వెనక్కి వచ్చాడు. "రేపటినుంచి మీరు రానక్కర్లేదమ్మా."

"ఆ కబురు మీరే మైకులో చెప్పుకోండి బాబూ. నాకు గొంతెండిపోయింది."

అంది గానీ, తాతయ్య ఇచ్చిన నీళ్ల గ్లాసు పళ్లకు కొట్టుకుని టకటకలాడింది.