బావ కింద వేసుకున్న ఫోమ్ ప్యాడ్

తడి ఫోమ్ ప్యాడ్‌ను ప్లాస్టిక్ కవర్లో కుక్కి, మూతి ముడేసి, మర్నాడు విప్పితే ఎలాంటి కంపు వస్తుందో నాకు తెలుసు. పులిసిపోయిన అన్నం గిన్నెలో కిరసనాయిలు ఒంపినట్టుంటుంది. ఇన్నేళ్ల తరవాత కూడా ఎవరైనా కారు పాలిష్ మాటెత్తితే నాకు ఆ కవరే గుర్తొస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పెదకాకాని దగ్గర హైవే పక్కన నేనూ మా బావా కలిసి కార్ల పాలిష్ షెడ్డు పెట్టాం. బావంటే మా అక్క మొగుడు. అంతకు ముందు నేను పత్తి జిన్నింగు మిల్లులో చేసేవాణ్ని. దూది నుసి పీల్చి పీల్చి తగ్గని దగ్గు పట్టుకుంది. మిల్లు మానేసి ఈ పని నేర్చుకున్నాను. షెడ్డు నిలబడకపోతే మళ్లీ ఆ మిల్లే గతి. బావకు అలాంటి బెంగలేవీ లేవు.

అప్పటిదాకా మా వైపు పాలిష్ మిషనుకు ఉన్ని టోపీలే తొడిగేవాళ్లు. నేను మద్రాసు నుంచి స్పాంజి బిళ్లల్లాంటి ఫోమ్ ప్యాడ్లు తెప్పించాను. గీతలు తీయడానికి గట్టిది, ఆ తరవాత మెరుపు తేవడానికి మెత్తది. వాటికి పెద్ద సేవలేమీ అక్కర్లేదు. ఒక తలుపు అయ్యాక బ్రష్షుతో రుద్ది పేరుకున్న పాలిష్ దులపాలి. సాయంత్రం గోరువెచ్చని సబ్బునీళ్లలో, మెలిపెట్టకుండా, నొక్కి నొక్కి కడగాలి. నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే మిషనుకు అంటుకునే గరుకు పట్టీ ఊడొస్తుంది. నేలమీద పడ్డ ప్యాడ్‌ను మాత్రం కడక్కుండా కారుకు తాకించకూడదు. అందులో ఇసుక ఇరుక్కుంటే రంగు మీద గుండ్రంగా గీతలు పడతాయి.

బావ వీటిలో ఒక్కటీ చేసేవాడు కాదు. చేయకపోతే పోనీ. బల్ల కాలుతోందని మెత్త ప్యాడ్‌ను కింద వేసుకుని కూర్చునేవాడు. మిరపకాయ బజ్జీలు తిని ఆ నూనె చేతులు దానికే తుడిచేవాడు. పాలిష్ ఎండి పెచ్చు కడితే గోటితో గీకి, కాసేపటికి అదే గోటితో పళ్లు కుట్టుకునేవాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ అటు చూపు పడిందా, ఇక క్యారేజీ మూసేయడమే.

"ఏం బావా, కారు కంటే నీ లుంగీయే ఎక్కువ మెరుస్తోందే" అనేవాణ్ని.

"మీ అక్కనడగరా. ఈ మెరుపు చూసే చేసుకుంది" అనేవాడు.

అక్కడే వచ్చింది చిక్కు. మా ఇళ్లల్లో బావను ఎంతైనా ఆటపట్టించొచ్చు, కోప్పడటానికి మాత్రం వీల్లేదు. ఇంటి అల్లుణ్ని ఒక మాటంటే అమ్మ ఊరుకోదు, పైగా ఆ మాట తిరిగి అక్క మీద పడుతుంది. అందుకని నా రోతంతా వేళాకోళంగానే బయటికొచ్చేది. బావ హాయిగా నవ్వేవాడు.

పెదకాకాని గుడి దగ్గర పూజ చేయించుకున్న బళ్లు కొన్నాళ్లకు మా షెడ్డుకు వచ్చేవి. బానెట్ మీద పసుపు, కుంకుమ, అక్షింతలు, కొబ్బరినీళ్లు అన్నీ ఎండకు అట్టకట్టి ఉండేవి. ముందు నీళ్లతో నానబెట్టి తీయాలి. ఓ రోజు బావ నీళ్లచుక్క పోయకుండా అలాంటి బండిని మెత్త ప్యాడ్ పెట్టి రుద్దేశాడు. ప్యాడ్ నొక్కితే పుండులోంచి రసి కారినట్టు ఎర్రగా కారింది. కడగమంటే "కడుగుతాలేరా" అని కవర్లో కుక్కి కొక్కేనికి తగిలించాడు.

మర్నాడే, చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన టీచరు గారు తన కారు తెచ్చారు. ముదురు నీలం రంగు. తనే కడుక్కుని తనే తుడుచుకునేవారు, ఇంకొకళ్లను చెయ్యి వేయనిచ్చేవారు కాదు. మిర్చి యార్డు దగ్గర ఆపితే టిక్కీ బస్తాలు ఒరుసుకుని తలుపు మీద సన్న గీతలు పడ్డాయట.

"షెడ్డు చూసి రాలేదురా. నిన్ను చూసి వచ్చా" అన్నారు.

గట్టి ప్యాడ్‌తో గీతలన్నీ తీశాను. ఇక మెత్తది పట్టాలి. కవర్లో ఉన్న దాన్ని ముట్టుకోవడానికే నాకు అసహ్యమేసింది. గుంటూరులో కొత్తది దొరుకుతుందని విని బయల్దేరుతూ, "ఆవిడ కారు ముట్టుకోకు బావా" అని చెప్పాను.

తిరిగొచ్చేసరికి టీచరు గారు కారు పక్కన నిలబడి ఉన్నారు. ఎండలో తలుపు నిండా సన్నని సున్నాలు చుట్టినట్టు గీతలు. అద్దం కింది రబ్బరులో గులాబీ రంగు పాలిష్ ఎండిపోయి ఉంది. ఆవిడ దాన్ని గోటితో తీసి చూశారు.

"ఇదేంట్రా?"

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "కుంకుమండి టీచరు గారూ. వాడికి లేటవుద్దని నేనే కానిచ్చేశా. మీ బండికీ పూజ అయిపోయినట్టే."

ఆవిడ నవ్వలేదు. వేలు రుమాలుకు తుడుచుకున్నారు. మళ్లీ చేసిస్తానన్నాను, బతిమాలాను.

"నువ్వు చేస్తావనుకునే వదిలి వెళ్లాను" అని కారెక్కి వెళ్లిపోయారు.

బావ బల్ల మీద చతికిలబడ్డాడు. "ఎండ మండిపోతోంది. కాసిని మంచినీళ్లియ్యరా."

గ్లాసు నిండా నీళ్లు తెచ్చాను. మిషను మీంచి ఆ ప్యాడ్ ఊడబీకి గ్లాసులో ముంచి గట్టిగా పిండి బావ ముందు పెట్టాను. ఎర్రటి నీళ్ల మీద నూనె తేలింది. విరిగిన అక్షింత గింజ ఒకటి అడుక్కు దిగింది.

"తాగు బావా."

"భలేవాడివిరా బామ్మర్దీ" అని పగలబడి నవ్వాడు.

"వేళాకోళం కాదు" అన్నాను. ఇంకా నవ్వాడు.

షెడ్డు తాళంచెవి తీసి గ్లాసు పక్కన పెట్టాను. రేపటినుంచి మళ్లీ మిల్లుకు పోతున్నానని చెప్పాను. అదీ వేళాకోళమే అనుకున్నాడు. నేను దగ్గుకుంటూ రోడ్డెక్కేదాకా ఆ నవ్వు వెనకనుంచి వినిపిస్తూనే ఉంది.