ఎడమ చేతి పిడికెడు

మా వికారాబాద్ చర్చిలో ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు, అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తాం. కోత పండుగకు ఆ బియ్యం మూట కట్టి చర్చిలో పెడతాం. అవి వితంతువులకూ లేనివాళ్లకూ పోతాయి. నేనూ వితంతువునే, అయినా ఇచ్చేవాళ్ల వరుసలోనే నిలబడ్డాను.

మా ఆయన పోయే ముందు ఒకటే మాట చెప్పాడు.

"ఏడ్వకు అంటే ఇనవు, ఏడుస్తనే ఉంటవు. గని పిడికెడు మాత్రం బందు పెట్టకు. పానమున్నన్ని దినాలు."

సరే అన్నాను. ఆయన పోయాక మళ్లీ పొయ్యి వెలిగించిన రోజు మొదట తీసింది ఆ పిడికెడే.

పోయిన ఏడు పక్షవాతం వచ్చి నా కుడి చెయ్యి పడిపోయింది, నోరు కూడా ఒక పక్కకు పోయింది. తాండూరులో ఉన్న బిడ్డ తన ఇంటికి తీసుకుపోయింది. అల్లుడు అక్కడే బండల పాలిష్ పని చేస్తాడు, సాయంత్రం రాతి దుమ్ముతో మీసాలతో సహా తెల్లగా వస్తాడు. దేవుని కుండ నాతోనే తెచ్చుకున్నాను. కానీ వేళ్లు ముడుచుకోవు. బియ్యంలో చెయ్యి పెడితే గింజలన్నీ సందుల్లోంచి జారిపోయేవి.

ఎడమ చెయ్యి ఉంది కదా అంటారా? ఆ చేత్తో చేసే పని ఏమిటో అందరికీ తెలుసు. దానితో మనిషికే ఏమీ పెట్టం, దేవునికెట్లా పెడతాను? "నేనేస్తనే అమ్మా" అంది బిడ్డ. ఒప్పుకోలేదు. మాట ఇచ్చింది నేను. నెల రోజులు కుండ ఒట్టిగా ఉంది. ప్రార్థన చేసుకునేటప్పుడు దాన్ని చూడలేక గోడ వైపు తిరిగేదాన్ని. ఇంత దూరం నడిచి ఊరి పొలిమేరలో కూలబడ్డట్టు అనిపించేది.

ఒకరోజు వికారాబాద్ నుంచి మా వదినె రైల్లో వచ్చింది. చర్చిలో ఎప్పుడూ నా పక్కన కూర్చుని పాడే మనిషి. వచ్చీ రాగానే కుండ మూత తీసింది.

"ఏందే వదినె, దేవునికి ఉపాసం పెట్టినవా?"

సంగతి చెప్పాను. పడిపడి నవ్వింది.

"కుడి చెయ్యి ప్రభువు ఇచ్చిండు, ఎడమది సంతల కొన్నవా?"

"నవ్వకే. గలీజు చెయ్యి గదా."

"గా చేత్తోనే గదా నలుగురు పిల్లల ముడ్లు కడిగినవు. గప్పుడు ప్రభువు మొఖం తిప్పుకున్నడా? మీ ఇంట్ల సబ్బు లేదా?"

"రెండున్నయి అత్తా!" వంటింట్లోంచి అరిచింది నా బిడ్డ.

నాకూ నవ్వొచ్చింది. నోరు ఒక పక్కకు పోయింది కదా, నవ్వు కూడా వంకరే. చెయ్యి కడిగించుకుని బియ్యంలో పెట్టాను. అలవాటు లేని చెయ్యి, ఎంత తీయాలో దానికి తెలియదు. ఇంత పెద్ద పిడికెడు పట్టింది. గింజలు కుండ అడుగున పడ్డ చప్పుడుకే వదినె పాట ఎత్తుకుంది. నేను వంకర నోటితోనే అందుకున్నాను.

కోత పండుగకు అందరం రైలెక్కి వికారాబాద్ పోయాం. నా మూట ఎప్పటికన్నా బరువుగా ఉంది.

"అమ్మా, నీ ఎడమ చెయ్యి మా బువ్వంత దేవునికే పెడుతున్నది" అని బిడ్డ దారి పొడుగునా ఎక్కిరించింది.

ఇప్పుడు రోజూ ఎడమ చెయ్యే తీస్తుంది. కుడి చేతిని మాత్రం ఎత్తి కుండ అంచు మీద కూర్చోబెడతాను. ముసలిది, ఇన్నేళ్లు చేసింది. చూసుకుంటూ ఉండనీ.